ఝూలాఘర్‌లో పాప చోటు

మా వరసలో పగలంతా నిశ్శబ్దం. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో డ్రైవర్ల క్వార్టర్లు ఎక్కడున్నాయని ఎవరైనా అడిగితే, కుక్కర్ కూడా భయపడుతూ కూత వేసే చోట అని చెప్పేవాళ్ళం. రాత్రంతా బొగ్గు గూడ్సులు నడిపి వచ్చిన మగవాళ్ళు పగలు పడుకోవాలి. డ్యూటీకి వెంట తీసుకెళ్ళే నల్ల ఇనప పెట్టె వరండాలో కనిపించిందంటే ఆ ఇంటాయన లోపల నిద్రలో ఉన్నట్టు లెక్క. ఆ తలుపు ఎవరూ తట్టరు. పాలవాడు సైకిల్ గంట కొట్టడు. పిల్లలు ఆ గుమ్మం ముందు ఆడరు. నిద్ర చాలని డ్రైవరు సిగ్నల్ దాటించేస్తే ఏమవుతుందో మా వరసలో చంటిపిల్లకి తప్ప అందరికీ తెలుసు.

ఆ చంటిపిల్ల మా ఇంట్లో ఉండేది. గొడవంతా అక్కడే వచ్చింది.

నేను ఆ వరసలోనే పుట్టాను. మా నాన్న డ్రైవరు. నాకు పద్దెనిమిది నిండగానే మా అమ్మ తన అన్న కొడుకుని నాకు కట్టబెట్టింది. పలాస దగ్గర్నించి వచ్చి మా ఇంట్లోనే ఉండి రైల్వేలో ఉద్యోగం సంపాదించిన బావ. అసిస్టెంట్ డ్రైవరు. మా అమ్మ వాళ్ళింటికి నాలుగు గుమ్మాల అవతల మాకు క్వార్టర్ ఇచ్చారు. అల్లుడూ కూతురూ కళ్ళ ముందే ఉన్నారని మా అమ్మ మురిసిపోయింది. పంతొమ్మిదేళ్ళకి నాకు పాప పుట్టింది. పాపకి కడుపునొప్పి. ఎండెక్కేసరికి ఏడుపు మొదలుపెట్టేది, సరిగ్గా వాళ్ళ నాన్న డ్యూటీ దిగి వచ్చి పడుకునే వేళకి.

మా బావ తాగుబోతు కాదు. తాగి కొట్టే మొగుడైతే పెళ్ళానికి కాస్త జాలైనా దొరుకుతుంది. ఇతను బీడీ కూడా ముట్టడు. హనుమాన్ గుడికి మంగళవారం తప్పడు. నిద్ర చెడితే మాత్రం లేచి వచ్చి కొట్టేవాడు. మొదటిసారి టిఫిన్ క్యారేజీతో కొట్టాడు. అది నా చెవి పక్కన తగిలి నేల మీద పడబోతే తనే పట్టుకున్నాడు, చప్పుడవుతుందని. అప్పట్నించీ బెల్టు వాడాడు. బెల్టయితే పెద్దగా మోగదు.

ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండేది దెబ్బల గురించి కాదు. ఆ దెబ్బలు తినే పద్ధతి గురించి. పక్క క్వార్టర్లో ఎవరో పడుకుని ఉంటారని అతను తిట్లు కూడా గుసగుసగా తిట్టేవాడు. "నోర్ముయ్యే, పక్కోల్లు తొంగున్నారు" అంటూ పళ్ళు బిగించి కొట్టేవాడు. నేను చీరకొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. డ్రైవరు కూతుర్ని కదా, ఇంకొకరి నిద్ర పాడుచెయ్యడం నాకు చిన్నప్పట్నించీ మహాపాపం. కొట్టేవాడూ కొట్టించుకునేదీ ఇద్దరం కలిసి వరస నిద్ర కాపాడాం. ఇంతకంటే బుద్ధిలేనిపని నా జన్మలో చెయ్యలేదు.

మా అమ్మకి చెప్పాను. జాకెట్టు తీసి వీపు చూపించాను. కొబ్బరినూనె రాసింది. "ఆడు రేత్రంతా ఇంజినెక్కి నిలబడి ఒచ్చినోడు. గుంటని ఏడవనీకుండా సూసుకోలేవేటే?" అంది.

"పగలు నీ దగ్గరుంచుకో అయితే."

"ఇక్కడ మీ నాన్న తొంగోవద్దేటి?"

అక్కడికి ఆ దారి మూసుకుపోయింది.

పాప కడుపులో పడకముందే నాకు టీచర్ ట్రైనింగ్‌లో సీటు వచ్చింది. రెండేళ్ళ చదువు. మొదటి ఏడాది కడుపుతోనే గడిపాను. రెండో ఏడాది పాపని ఎక్కడ వదలాలో తెలియక మానేద్దామనుకుంటుంటే మా ప్రిన్సిపాల్ పిలిచి ఒక సంగతి చెప్పింది. ఊళ్ళో పెద్దింటి ఆడవాళ్ళు కొందరు కలిసి ఒక సంఘం నడుపుతున్నారు. చదువుకుంటున్న తల్లుల పిల్లల్ని పగటిపూట చూసుకునే ఝూలాఘర్‌లో పెట్టి, ఆ ఖర్చంతా సంఘమే భరిస్తుంది. పాలు, మధ్యాహ్నం అన్నం, ఆయా జీతం, అన్నీ. తల్లి చదువు అయ్యేదాకా పిల్లకి ఆ చోటు ఉంటుంది. ఒకటే షరతు, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వచ్చి అడగాలి. మొగుడు తన నోటితో ఒప్పుకున్నానని చెప్పాలి. సంసారాల్లో చిచ్చు పెట్టారన్న మాట సంఘానికి రాకూడదట.

చదువుకోవడం ఒక ఎత్తు. పాప పగలు ఆ ఇంట్లో ఉండకుండా పోవడం ఇంకో ఎత్తు. ఆ సాయం గురించి విన్నప్పుడు నాకు ముందు తోచింది రెండోదే. బావతో మాత్రం, "పగలు నీకు ఇల్లు ప్రశాంతంగా ఉంటాది" అని చెప్పాను. నిద్ర మాట వినగానే ఒప్పుకున్నాడు. యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. సంఘం ప్రెసిడెంటమ్మ ముందు చేతులు కట్టుకుని, "జీ మేడమ్, పఢ్‌నా అచ్ఛీ బాత్ హై" అని చదువుని మెచ్చుకున్నాడు. ఆవిడ ముచ్చటపడింది. ఇంత మంచి భర్త దొరకడం నీ అదృష్టం అని నాతో హిందీలో అంది. ఆ పూట నా మోచేతి మీద బెల్టు వాత పచ్చిగా ఉంది. పొడుగు చేతుల జాకెట్టు వేసుకున్నాను.

ఝూలాఘర్ ఒక పాత బారక్‌లో ఉండేది. చేతుల నిండా పచ్చబొట్లున్న ఛత్తీస్‌గఢీ ఆయా ఒకామె పిల్లల్ని చూసుకునేది. పాపని చూడగానే "ఏ నోనీ!" అని, చిట్టితల్లీ అన్నట్టు పిలిచి లాక్కుని భుజానేసుకుంది. అక్కడ పాప ఏడిస్తే ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లలన్నాక ఏడుస్తారని అక్కడివాళ్ళు అనుకునేవాళ్ళు. నెల తిరక్కుండా పాప బుగ్గలు నిండాయి. సాయంత్రం నేను వెళ్తే గేటు దాకా పాక్కుంటూ వచ్చి కేకలు పెట్టేది. ఆ కేకలు వింటూ కాసేపు అక్కడే కూర్చునేదాన్ని. హాయిగా ఉండేది.

ఆ హాయి ఇంట్లో ఎంతోకాలం నిలవలేదు. ఊరవతల డ్రైవర్లు దిగి బస చేసే రన్నింగ్ రూమ్‌లో ఎవడో మా బావని ఆటపట్టించాడు. "మీ గుంటకి దొరసానులు పాలు పడతన్నారంట గదరా, నీకు కూడా పడతారేటి?" అన్నాడట. అందరూ నవ్వారు. ఇంటికొచ్చి బెల్టు తీశాడు. "నా కూతురు ధర్మం తిండి తింటందని అందరూ ఎగతాళి సేస్తన్నారు. నాను సచ్చినాననుకున్నావేటే?" అన్నాడు, గుసగుసగానే. నేను కొంగు నోట్లో పెట్టుకున్నాను. నిద్ర కోసం కొట్టినప్పుడు ఒక చోట ఆగేవాడు, మళ్ళీ పడుకోవాలి కనక. పరువు కోసం కొట్టేటప్పుడు అలా ఆగే పని లేకపోయింది. ఒకసారి నా జడ మంచం కోడుకి కట్టి కొట్టాడు. ఒకసారి కాలితో తంతే డొక్కలో ఏదో కలుక్కుమని, పది రోజులు ఊపిరి పీల్చడానికి కష్టపడ్డాను. క్లాసులో మాస్టారు దగ్గరికొచ్చి గట్టిగా చదవమంటే చదవలేకపోయాను. అయినా ఝూలాఘర్ మాన్పించలేదు. పాప ఆ గోడల మధ్య లేదనుకుంటూ దెబ్బలు తినేదాన్ని.

ఝూలాఘర్‌కి ఆదివారం సెలవు. అలాంటి ఒక ఆదివారం పొద్దున్న బావ డ్యూటీ దిగి పడుకున్నాడు. పాపకి అప్పుడు ఏడాది దాటింది. పాలగ్లాసు తన్నేసింది. గ్లాసు దొర్లుకుంటూ వెళ్ళి మంచం కోడుకి తగిలింది. బావ లేచి కూర్చున్నాడు. చెయ్యి బెల్టు కోసం తలగడ కింద వెతుకుతోంది. నేను కొంగు అందుకోబోతూ పాప వైపు చూశాను. పాప గోడకి ఆనుకుని నిలబడి తన గౌను అంచు తీసి రెండు చేతులతో నోట్లో కుక్కుకుంటోంది. ఎవరూ చెప్పలేదు. నన్ను చూసి నేర్చుకుంది. కళ్ళనిండా నీళ్ళు, ముక్కు ఎగబీలుస్తోంది, గొంతులోంచి చిన్న శబ్దం కూడా రావడం లేదు.

నాకు అంత కోపం అంతకుముందు ఎప్పుడూ రాలేదు. అందుకోబోయిన కొంగు వదిలేశాను. వంటింట్లో అన్నం తినే పెద్ద స్టీలు కంచం, ఇనప గరిటె తీసుకుని వరండాలోకి వచ్చాను. కంచం మీద గరిటెతో బాదడం మొదలుపెట్టాను. ఆపకుండా బాదాను. ఆ వరస కట్టిన దగ్గర్నుంచీ ఎండవేళ అంత చప్పుడు విని ఉండదు. తలుపులు తెరుచుకున్నాయి. లుంగీలు సర్దుకుంటూ, ఎర్రటి కళ్ళతో మగవాళ్ళు బయటికొచ్చారు. మూలింటి సీనియర్ డ్రైవర్ ఒకాయన నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ఏటైందే అమ్మా? నిప్పంటుకుందేటి?"

"బావ నన్ను కొడతన్నాడు."

ఆయన మొహం చిరాగ్గా పెట్టాడు. "అదేటి ఇయ్యాల కొత్తా?"

"కొత్త కాదు చిన్నాన్నా. ఇన్నాళ్ళూ మీ నిద్ర పాడవుద్దని నోరు మూసుకున్నాను. ఇకమీదట ఆడు కొట్టినప్పుడల్లా ఇలగే వాయిస్తాను. ఏ వేళైనా సరే. మీరందరూ లెగాల."

వాళ్ళకి విషయం అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. నా వీపు సంగతి ఆ వరసకి ఎప్పట్నించో తెలుసు, దానికోసం ఒక్కడూ మంచం దిగలేదు. ఇప్పుడు ఆపదలో పడింది వాళ్ళ నిద్ర. సీనియర్ డ్రైవర్ లోపలికి వెళ్ళి మా బావని జుట్టు పట్టుకుని వరండాలోకి ఈడ్చుకొచ్చాడు. చెంప మీద కొట్టిన మొదటి దెబ్బకే బావ మెట్ల మీద పడ్డాడు. మిగిలినవాళ్ళు కలిశారు. చెప్పుతో ఒకడు, చేత్తో ఒకడు, కాలితో ఒకడు. "నీ పెళ్ళాన్ని కొట్టుకుంతావో ఊరేగించుకుంతావో మాకెందుకురా? మా నిద్ర జోలికొస్తే ఎముకలు ఇరగ్గొడతాం" అంటూ కొట్టారు. బావ ముక్కులోంచి రక్తం కారింది. నేను కంచం పట్టుకుని నిలబడి చూశాను. ఆపమని అనలేదు. పండగలా అనిపించింది, దాచుకోవడం దేనికి.

మా అమ్మ పరుగెత్తుకొచ్చింది. వస్తూనే నా చెంప పగలగొట్టింది. "మా అన్న కొడుకుని వీధిలో కొట్టించేవేటే! ఏ మొకం పెట్టుకుని మా ఒదినకి ఎదురుపడాల?" అని రెండో చెంప మీద కూడా కొట్టింది. మా అమ్మ చెయ్యి చాలా బరువైన చెయ్యి. ఆ తరవాత లోపలికి వెళ్ళి పాపని ఎత్తుకుని, దాని నోట్లోంచి గౌను గుడ్డ తీసి, చాలాసేపు దాని మొహమే చూస్తూ కూర్చుంది.

బావ ఆ రోజు నుంచి నా మీద చెయ్యెత్తలేదు. నాలుగు రోజులు మాట్లాడలేదు కూడా. నేను గెలిచాననుకున్నాను. అయిదో రోజు పొద్దున్న పాపని తీసుకుని ఝూలాఘర్‌కి వెళ్తే ఆయా గేటు తియ్యలేదు. పాప గిన్నె, దుప్పటి కట్టి చేతిలో పట్టుకుని నిలబడింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పాప వాళ్ళ నాన్న వచ్చి మేడమ్‌కి చెప్పాడట, మా పాపకి ఇక ఈ చోటు అక్కర్లేదని. ఇస్త్రీ యూనిఫాంలో వచ్చాడట. చాలా మర్యాదగా మాట్లాడాడట. ఆ చోటు అడగడానికి ఇద్దరం వెళ్ళి నిలబడాల్సి వచ్చింది. తీసెయ్యడానికి అతనొక్కడు చాలాడు.

ఆఖరి పరీక్షలు ఇంకో పది రోజుల్లో ఉన్నాయి. పాపని చంకనేసుకుని ప్రెసిడెంటమ్మ బంగళాకి నడిచాను. ఆవిడ తోటలో కుర్చీ వేయించింది. టీ ఇప్పించింది. అంతా విన్నది. నేను చెయ్యి చాపి మోచేతి దగ్గర మానుతున్న వాతలు చూపించాను. ఆవిడ వాటిని చూసి, గులాబీలకి నీళ్ళు పెడుతున్న మాలీ వైపు తల తిప్పుకుంది. "ఇది మీ ఇంటి విషయం. మేం మధ్యలో దూరితే రేపు ఏ మొగుడూ భార్యని మా దగ్గరికి పంపడు. అతన్ని ఒప్పించి ఇద్దరూ కలిసి రండి. చోటు మళ్ళీ ఇస్తాం" అని హిందీలో నెమ్మదిగా చెప్పింది.

చేతిలో టీ కప్పు ఉంది. గచ్చు మీద వేసి కొట్టాను. ముక్కలు ఆవిడ కాళ్ళ దాకా ఎగిరాయి. మాలీ పైపు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. నేను పాపని తీసుకుని వచ్చేశాను. నాకు ఏడుపు వచ్చింది. దారంతా గట్టిగా ఏడుస్తూనే నడిచాను.

ఆయా నాకోసం రోడ్డు మీద ఎదురుచూస్తోంది. తిఫ్రా వైపు బస్తీలో వాళ్ళ గుడిసె. కోడలు ఇంట్లోనే ఉంటుంది, పరీక్షలయ్యేదాకా నోనీని అక్కడ వదలమంది. నేను సంకోచించాను. ఆమె విసుక్కుని పాపని నా చేతుల్లోంచి లాక్కుని నడవడం మొదలుపెట్టింది.

మొదటి పేపరు రాసి మధ్యాహ్నం ఆ గుడిసెకి వెళ్ళాను. సందులోకి తిరగ్గానే కేకలు వినిపించాయి. ఎవరు చెప్పారో తెలియదు, బావ అక్కడికి వచ్చేశాడు. వాకిట్లో పాప రెండు చేతులూ పట్టుకుని లాగుతున్నాడు. ఆయా కోడలు పాప కాళ్ళు పట్టుకుని వదలడం లేదు. మధ్యలో నా పిల్ల సాగిపోయి గాల్లో వేలాడుతోంది. బావ ఆ అమ్మాయి పొట్టలో తన్నాడు. ఆమె కూలబడింది. పాపని ఒక చేత్తో, భుజం దగ్గర పట్టుకుని పైకెత్తాడు. "మాలపల్లెల్లో, బస్తీల్లో తిప్పుతావేటే నా పిల్లని?" అని నన్ను చూసి అరిచాడు. అక్కడ నిద్రపోయేవాళ్ళెవరూ లేరు కాబట్టి గొంతెత్తి అరిచాడు. పెళ్ళయ్యాక అతని గొంతు అంత గట్టిగా వినడం అదే మొదలు.

గోడకి రోకలి ఆనించి ఉంది. తీశాను. అతను కోడలి వైపు తిరగ్గానే వెనకనించి అతని భుజం మీద కొట్టాను. చెయ్యి వదిలేసింది. పాప కింద కూలబడి ఉన్న కోడలి ఒళ్ళో పడింది, ఆమె గట్టిగా చుట్టేసుకుంది. బావ నా మీదికి తిరిగి కుడిచెయ్యి ఎత్తాడు. ఎత్తిన ఆ చెయ్యి మీద మళ్ళీ కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. మొదటి దెబ్బ పాప కోసం. రెండోది నాకోసమే కొట్టాను, బలమంతా పెట్టి కొట్టాను. అతను మోకాళ్ళ మీద కూర్చుండిపోయి చెయ్యి వైపు వింతగా చూసుకున్నాడు. మూడోసారి ఎత్తబోతే బస్తీవాళ్ళు వచ్చి రోకలి లాక్కున్నారు.

ఆసుపత్రిలో బావ డాక్టరుకి ఇంజిన్ మెట్ల మీంచి జారిపడ్డానని చెప్పాడు. పెళ్ళాం రోకలితో కొట్టిందని ఏ డ్రైవరు చెప్పుకుంటాడు? వెంటనే మంచం ఇచ్చారు, పాలూ గుడ్లూ ఇచ్చారు. నీ భార్యని తీసుకుని రా, ఆవిడ ఒప్పుకుంటేనే కట్టు కడతాం అని ఎవరూ అనలేదు.

రెండు రోజుల తరవాత మా అమ్మ పోరు పడలేక క్యారేజీలో అన్నం పట్టుకుని వార్డుకి వెళ్ళాను. పాప నా చంకలో ఉంది. రోగుల్ని చూడ్డానికి వచ్చే ప్రెసిడెంటమ్మ, పళ్ళ బుట్ట మోసే మనిషితో సహా సరిగ్గా అప్పుడే వచ్చింది. బావని గుర్తుపట్టింది. అయ్యో అని రెండు యాపిల్ పళ్ళు తలగడ పక్కన పెట్టింది. నన్ను చూసి ఒకడుగు వెనక్కి వేసింది. కప్పు సంగతి మర్చిపోలేదు. గొంతు సర్దుకుని, "మీ ఆయనకి నయమయ్యాక ఇద్దరూ కలిసి రండి, పాప చోటు చూద్దాం" అంది.

"రేపు నాకు రెండో పేపరు మేడమ్" అన్నాను హిందీలో, వార్డంతా వినేలా. "ఇతను రాడు. ఈ చెయ్యి నేనే విరిచాను."

"లేదు మేడమ్, ఇంజిన్ మీంచి జారాను" అన్నాడు బావ.

"రోకలితో కొట్టాను" అన్నాను నేను.

"జారాను మేడమ్." చుట్టుపక్కల మంచాల మీదివాళ్ళు తలలెత్తి చూస్తున్నారు. అతను గోడవైపు తిరిగిపోయాడు. ఆవిడ అతని కట్టు చూసింది. తరవాత నా చేతులు చూసింది. మోచేతి మీది వాతలు చూడలేక తోటమాలి వైపు తిరిగిన మనిషి, ఈసారి నా చేతుల మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

"పాపని పొద్దున్నే దింపుతాను" అన్నాను. "ఒక్కదాన్నే వస్తాను."

"హాఁ, హాఁ. కల్ సే లే ఆనా" అంది, రేపట్నించే తీసుకురమ్మని.

నేను చదువుతున్నానని కాదు, కొడతానన్న భయంతో ఒప్పుకుంది. మర్నాడు పొద్దున్న ఆయా గేటు బార్లా తెరిచింది. పాపని దింపి, పరిగెత్తుకెళ్ళి రెండో పేపరు రాశాను.